కళ్ళు మూసుకున్న మనిషిని అడిగిన ప్రశ్న

మా అమ్మ అన్నం తినడం మానేసి మూడో ఏడు నడుస్తోంది. తాగుతుంది, తినదు. అన్నాన్ని మజ్జిగతో మిక్సీలో వేసి, పలచటి గుడ్డలో వడకట్టి గ్లాసులో పోసిస్తే తాగుతుంది. ఎవరైనా అడిగితే గొంతు బాగోలేదండి అని చెబుతాం. గొంతులో ఏ జబ్బూ లేదు. మధ్యలో రెండు నెలలు బాగుపడి, కంచం ముందు కూర్చుని పప్పన్నం తినేదాకా వచ్చింది కూడా. దాన్ని చెడగొట్టింది నేను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

మాది మండపేట దగ్గర పల్లెటూరు. ఆ రోజు సార్వా వరి ఊడ్పులు జరుగుతున్నాయి. పొద్దున్నే శీలావతి చేప తెచ్చి ఇంట్లో ఇచ్చి పొలం వెళ్ళాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అమ్మ పెరటి వసారాలో కంచం ముందు కూర్చుని, రెండు చేతులతో గొంతు పట్టుకుని ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. చేప ముల్లు గుచ్చుకుందని అర్థమైంది. మా వైపు ఎవరైనా చేసేదే మేమూ చేశాం. ఉత్త అన్నం ముద్ద చేసి నమలకుండా మింగమన్నాం, అరటిపండు మింగించాం. ముల్లు ఇంకా లోపలికి దిగింది. మండపేటలో డాక్టరు గారు చూసి మా వల్ల కాదన్నారు. సాయంత్రానికి రాజమండ్రిలో గొట్టం వేసి తీశారు. అగ్గిపుల్లలో సగం కూడా లేదు. డాక్టరు గారు దాన్ని దూది మీద పెట్టి అమ్మకు చూపించి, "అయిపోయిందండి, మెత్తగా కలుపుకుని తినండి" అన్నారు.

అమ్మ తినలేకపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని అరగంట అటూ ఇటూ తిప్పి, చివరికి పెరట్లోకి వెళ్ళి ఊసేసి వచ్చేది. మళ్ళీ రాజమండ్రి తీసుకెళ్ళాం. మళ్ళీ గొట్టం వేశారు, ఫోటోలు తీశారు. అంతా శుభ్రంగా ఉందన్నారు. నెల తిరిగేసరికి చేతికున్న బంగారు గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నేను పక్కన నిలబడి, "ఏం లేదంటున్నారు కదా, మింగవేంటి" అని కసిరేవాణ్ణి. నా కోపం ఊళ్ళో అందరికీ తెలిసిందే. చేలకు నీళ్ళు పారే బోదె దగ్గర వంతు తేడా వస్తే నా గొంతు రెండు చేల అవతలికి వినిపిస్తుంది. అదే గొంతుతో అమ్మను మింగమన్నాను.

ముల్లు తీసిన డాక్టరు గారే రాజమండ్రిలోనే ఉన్న ఒక మానసిక వైద్యురాలి దగ్గరకు వెళ్ళమన్నారు. మందులతో పాటు ఆవిడ హిప్నోథెరపీ కూడా చేస్తారని, ఇలాంటి భయాలకు కొందరిలో బాగా పనిచేస్తుందని చెప్పారు. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. మాకు తెలిసిన హిప్నాటిజం అంటే నేను ఏడో తరగతిలో ఉండగా మా స్కూలుకు వచ్చిన మ్యాజిక్ ఆయనే. స్టేజి మీదకు నలుగురు పిల్లల్ని పిలిచాడు, అందులో నేనొకణ్ణి. కళ్ళ ముందు గొలుసు ఊపి, నిద్రపోయావన్నాడు. పచ్చి ఉల్లిపాయ చేతిలో పెట్టి యాపిల్ పండు తినమన్నాడు. తిన్నాను. స్కూలంతా చప్పట్లు కొట్టింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అది ఉల్లిపాయేనని నాకు తెలుసు. ఒక్క క్షణం కూడా నిద్రపోలేదు. ముందు వరసలో హెడ్‌మాస్టారు కూర్చుని ఉంటే, అంతమంది చూస్తుంటే, కాదని దిగిపోవడానికి మొహం చెల్లక తిన్నాను. కిందకి దిగాక అందరూ అడిగారు. "నిజంగా యాపిల్‌లాగే ఉందిరా" అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో, చివరికి నేనే నమ్మేశాను. హిప్నాటిజం చేస్తే మనిషి మన చేతిలో ఉంటాడని, ఏం చెబితే అది చేస్తాడని, ఏం అడిగితే అది చెప్పేస్తాడని నలభై ఏళ్ళు ఊళ్ళో వాదించాను. నా నాలుకకు తెలిసిన సంగతి నా బుర్రకు ఎక్కలేదు.

అందుకే మొదటి రోజే ఆ డాక్టరమ్మ గారికి షరతు పెట్టాను, నేను గదిలోనే ఉంటానని. ఆవిడ వయసు నలభై లోపే ఉంటుంది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. కాదనలేదు.

"ఇది నిద్ర కాదండి," అన్నారు అమ్మ వైపు తిరిగి. "మీరు ఏదైనా ధ్యాసలో పడి పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోరు కదా, అలాంటి ధ్యాస ఇది. దాన్ని కావాలని తెచ్చుకుంటాం, అంతే. మీకు అన్నీ వినపడతాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు కళ్ళు తెరవచ్చు. మీకిష్టం లేనిది నేను చేయించలేను."

"మరి లేవకపోతేనో?" అన్నాను నేను.

"లేవకపోవడం ఉండదండి. మహా అయితే హాయిగా ఉండి కాసేపు కునుకు తీస్తారు."

అమ్మను కుర్చీలో వెనక్కి వాలమన్నారు. మీకు బాగా నచ్చిన చోటు ఒకటి తలుచుకోండి అన్నారు. అమ్మ చాలాసేపు ఆలోచించి, పుట్టింట్లో ఉండగా కాలవ రేవులో బట్టలు ఉతికి ఆరేశాక కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని కూర్చునే మెట్టు అని చెప్పింది. ఆ మెట్టు సంగతి నేనెప్పుడూ వినలేదు. డాక్టరమ్మ గారు ఆ మెట్టు మీదే అమ్మను కూర్చోబెట్టి, ఊపిరి గురించి, నీళ్ళ చల్లదనం గురించి, భుజాలు వదులవడం గురించి చెబుతూ పోయారు. అమ్మ మొహం నిజంగానే తేలికపడింది. అంతలో వీధిలో ఎవరో గట్టిగా పిలిచారు. అమ్మ కళ్ళు తెరవకుండానే, "ఎవరో పిలుస్తున్నారమ్మా, మీ కోసమేమో" అంది. ఆవిడ నవ్వి, "పర్వాలేదండి, వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. అమ్మకు ఇంకా పట్టలేదన్నమాట అనుకున్నాను నేను. పట్టడం అంటే అదేనని, అంతకు మించి ఏమీ లేదని తెలుసుకోలేదు.

మొదట నాలుగు వారాలు వరసగా వెళ్ళాం, తరువాత అప్పుడప్పుడూ. ముల్లు పోయిన సంగతి మనిషికి తెలిసినా గొంతుకు తెలియలేదని, ఇంకా కాపలా కాస్తోందని ఆవిడ అన్నారు. ఆ కాపలా కొంచెం కొంచెంగా వదిలించడమే పని. రెండో వారం ఆవిడ ముందే అమ్మ సాంబారులో నానిన ఇడ్లీ చెంచాడు మింగింది. మూడో వారం ఆవిడ అమ్మను అడిగారు, ముల్లు గుచ్చుకున్న నిమిషంలో ఏం జరిగింది అని. అమ్మ కళ్ళు తెరిచి నా వైపు చూసి, "ఏముందమ్మా, తింటున్నాను, గుచ్చుకుంది" అంది. బయటకు వచ్చాక ఆవిడ నాతో, "వచ్చేసారి మీరు బయట కూర్చుంటారాండి" అన్నారు. కుదరదన్నాను. ఆ ఒక్క మాట విని ఉంటే ఇవాళ ఈ రాత అవసరం ఉండేది కాదేమో.

ఇంటి దగ్గర రోజుకు రెండుసార్లు వినమని ఆవిడ తన గొంతు రికార్డు చేసి ఫోనులో పంపారు. అమ్మ హాల్లో పడక్కుర్చీలో కూర్చుని వినేది. మెత్తటి అన్నం, తరువాత పప్పన్నం, తరువాత బీరకాయ కూర. ఒక రోజు ఆవకాయ ఊట అన్నంలో కలుపుకుని తిని, వేళ్ళు కూడా నాకింది. ఆ రోజు మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నేనూ పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఇప్పుడు మా చెల్లెలి సంగతి చెప్పాలి. నాన్న చివరి రోజుల్లో రాజమండ్రి ఆసుపత్రిలో మిషను మీద ఉండగా, ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకెళదామని నేను, ఇంకో నాలుగు రోజులు చూద్దామని చెల్లెలు గొడవ పడ్డాం. నా మాటే నెగ్గింది. ఇంటికి తెచ్చిన సాయంత్రమే నాన్న పోయాడు. పెద్ద కార్యం రోజున బంధువులందరి ముందు చెల్లెలు, "నాన్నని తీసుకొచ్చి చంపేశావు" అంది. నేను ఈ గడప తొక్కొద్దన్నాను. అక్కడితో ఆగానా? "దాంతో మాట్లాడితే నాతో మాట్లాడనక్కర్లేదు" అని అమ్మకు చెప్పాను. అమ్మ తల వంచుకుని ఊరుకుంది. చెల్లెలి ఊరు యానాం. గంటన్నర దారి. ఆ తరువాత నాలుగేళ్ళు మా ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు. అమ్మ కూడా నా మాట మీదే ఉందనుకున్నాను, దానికి లోలోపల గర్వపడ్డాను కూడా.

అమ్మ బాగా తింటున్న రోజుల్లో మా ఊరాయన ఒకడు చవక మందు సీసాల కోసం యానాం వెళ్ళి వచ్చాడు. చెరువు సెంటర్లో టీ తాగుతూ అందరూ వింటుండగా, "మీ చెల్లెలు గారు కనపడ్డారండి. అమ్మగారు ఆవకాయన్నం తింటున్నారట కదా అని ఎంత సంబరపడిపోయారో" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ ఆవకాయ తిని మూడు రోజులు కాలేదు. దానికెవరు చెప్పారు?

నేరుగా ఇంటికి వెళ్ళి అమ్మనే అడగొచ్చు. అడగలేదు. అడిగితే లేదంటుందని నా నమ్మకం. మరుసటి వారం రాజమండ్రిలో డాక్టరమ్మ గారిని పక్కకు పిలిచి, "మా అమ్మ ఆ స్థితిలో ఉన్నప్పుడు ఒక్క మాట అడిగి చెప్పండి" అన్నాను. సంగతి విన్నాక ఆవిడ మొహం మారిపోయింది.

"అది నేను చేయనండి. చేసినా మీకు నిజం దొరకదు. కళ్ళు మూసుకున్నంత మాత్రాన మనిషి తన రహస్యాలు అప్పజెప్పేయరు. అబద్ధం చెప్పాలనుకుంటే హాయిగా చెబుతారు. మీరు అడగాల్సింది ఏదైనా ఉంటే కాఫీ తాగుతూ మామూలుగా అడగండి."

ఆవిడ ఏదో విద్య దాచుకుంటున్నారని అనుకున్నాను. మా వైపు గట్టు తగాదాల్లో పెద్దలు ఒక మాట అంటారు, అన్నవరం వచ్చి సత్యదేవుడి ముందు ప్రమాణం చెయ్యి అని. సగం తగాదాలు బస్సెక్కకముందే తేలిపోతాయి, తప్పు చేసినవాడు కొండ ఎక్కడానికి జంకుతాడు. ఈ హిప్నోథెరపీని నేను బస్సు ఖర్చు లేని అన్నవరం అనుకున్నాను. అక్కడ నోరు తెరిస్తే అబద్ధం రాదని నమ్మాను.

ఆ గురువారం మా ఆవిడ కూలి మనుషులకు అన్నం తీసుకుని పొలం వెళ్ళింది. ఇంట్లో అమ్మా నేనే. పడక్కుర్చీలో అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. పక్కన స్టూలు మీద ఫోనులో డాక్టరమ్మ గారి గొంతు పది నుంచి వెనక్కి అంకెలు లెక్కపెడుతోంది. నేను చెప్పులు విప్పేసి, చప్పుడు కాకుండా వెళ్ళి కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. అంకెలు అయ్యాక అమ్మ ఊపిరి నెమ్మదించింది. ఆ గొంతు కాసేపు ఆగింది. అప్పుడు నేను గొంతు తగ్గించి, ఆవిడ మాట్లాడే తీరులోనే మెత్తగా అడిగాను.

"అమ్మా, చెల్లితో ఫోన్లో మాట్లాడుతున్నావా?"

అమ్మ రెప్పల కింద కనుగుడ్లు కదిలాయి. చెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది.

"లేదు" అంది.

"ఎప్పుడైనా మాట్లాడావా?"

"లేదు."

ఫోనులో గొంతు మళ్ళీ మొదలైంది. మీ గొంతు వదులుగా ఉంది, మీరు భద్రమైన చోట ఉన్నారు, మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టరు అని చెబుతోంది. నేను లేచి బయటకు వచ్చేశాను. ఆ సాయంత్రం నా సంతోషానికి హద్దు లేదు. యానాం వెళ్ళొచ్చినవాడు తాగి వాగాడని తేల్చేశాను.

అమ్మ ఆ రోజు నుంచి రికార్డు వినడం తగ్గించింది. చార్జింగు లేదంది, తల బరువుగా ఉందంది, పూజకు వేళైందంది. రాజమండ్రి వెళ్ళే రోజు వస్తే, "నయమైపోయింది కదరా, ఇంకెందుకు" అంది. నేనూ సరేనన్నాను. కూర మానేసింది, తరువాత పప్పు మానేసింది, నెల తిరక్కుండా మళ్ళీ మజ్జిగ గ్లాసుకు వచ్చేసింది. హిప్నాటిజం పవరు దిగిపోయిందని ఊళ్ళో చెప్పాను. అదంతా బోగస్ అని కూడా చెప్పాను. ఖైనీ మానడానికి ఆ డాక్టరమ్మ గారి దగ్గరకు వెళదామనుకున్న మా పక్క చేనాయన నా మాట విని ఆగిపోయాడు. ఇప్పటికీ నములుతూనే ఉన్నాడు.

ఒక రోజు అమ్మ అన్నవరంలో వ్రతం చేయించాలంది. ఆరోగ్యం కోసమనుకున్నాను. నేనూ మా ఆవిడా పీటల మీద కూర్చున్నాం. వ్రతం అయ్యాక ఆకు పొట్లంలో ప్రసాదం తెచ్చి అమ్మకు ఇచ్చాను. ఆ ప్రసాదం ఎంత మెత్తగా ఉంటుందో తిన్నవాళ్ళకు తెలుసు. నెయ్యితోనే జారిపోతుంది. అమ్మ కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంది. మింగలేకపోయింది. ప్రసాదం ఊసెయ్యడం పాపమని అలాగే నోట్లో ఉంచుకుని మండపం మెట్ల మీద కూర్చుంది. పావుగంట అలాగే ఉంది. మా ఆవిడను మంచినీళ్ళు తెమ్మని పంపాను. చివరికి అమ్మ దాన్ని కొంగులోకి తీసుకుని ముడి వేసింది.

"స్వామి ఒప్పుకోవట్లేదురా," అంది.

"ఏంటమ్మా ఆ మాటలు."

"అబద్ధం చెప్పేను కదా. క్షమించమని అడుగుదామనే వచ్చేను. ఆయన క్షమించలేదు."

"ఏం అబద్ధం? ఎవరితో?"

"నీతోనేరా. డాక్టరమ్మ గారిలా గొంతు పెట్టి అడిగావు చూడు, ఆ రోజు."

అమ్మ కొంగు ముడి చూసుకుంటూ చెప్పింది. చెల్లెలితో నాలుగేళ్ళ నుంచీ వారం వారం మాట్లాడుతూనే ఉందట. నేను పొలంలో ఉండే వేళ చూసుకుని చెల్లెలే ఫోను చేసేదట.

"ఆ రోజు కూడా ఫోను ఒళ్ళో పెట్టుకుని మాట్లాడుతూ తింటున్నాను. నీ బండి చప్పుడు వినపడింది. పెట్టెయ్యవే అని దానికి చెబుదామని, నోట్లోది గబుక్కున మింగేసేను."

అంటే ముల్లు గుచ్చింది నేను. తరువాత నయం కాకుండా చేసిందీ నేనే. గదిలో నేను కూర్చుని ఉండబట్టే ఈ మాట డాక్టరమ్మ గారికి చెప్పుకోలేకపోయింది. అంత జరిగినా తప్పంతా తన అబద్ధానిదే అనుకుని, దేవుడికి క్షమాపణ చెప్పుకోవడానికి కొండెక్కింది.

"స్వామి చేసింది కాదమ్మా, నేను చేసింది," అన్నాను. అప్పుడే ఫోను తీసి చెల్లెలికి చేసి, అమ్మ చేతిలో పెట్టాను. నా ఎదురుగా దానితో మాట్లాడటం అమ్మకు చేతకాలేదు. ఊఁ, ఊఁ అంటూ నా మొహమే చూస్తూ ఉండిపోయింది.

మరుసటి ఆదివారం చెల్లెలు వచ్చింది. నేను గేటు దగ్గరకు ఎదురెళ్ళాను. ఇద్దరం నాన్న గురించి ఏమీ మాట్లాడుకోలేదు, ఇంకా మాట్లాడుకోలేదు. అది బీరకాయ పప్పు చేసి అమ్మకు కలిపి పెట్టింది. అసలు సంగతి బయటపడింది కాబట్టి ఇంక తినేస్తుందని నేను కంచం వైపు చూస్తూ నిలబడ్డాను. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, ఎప్పటిలాగే అటూ ఇటూ తిప్పి, పెరట్లోకి వెళ్ళింది.

ఒక్కణ్ణే రాజమండ్రి వెళ్ళి డాక్టరమ్మ గారికి అంతా చెప్పాను. తిడితే బాగుండేది. తిట్టలేదు. "ఆవిడ వస్తానంటే ఎప్పుడైనా తీసుకురండి. బలవంతం మాత్రం చేయకండి. ఇష్టం లేకుండా ఇది జరగదండి," అన్నారు. ఆవిడ మొదటి రోజు చెప్పిన మాటే ఇది. ఆ రోజు నేను అమ్మకు కాపలా కాయడంలో ఉండి వినలేదు.

ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. "చెల్లి తీసుకెళుతుందమ్మా. నేను గదిలోకి రాను. అసలు రాజమండ్రే రాను," అన్నాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు జ్వరం చూసినట్టు నుదుటి మీద కాసేపు ఉంచింది.

"నీ మీద నాకు కోపం లేదురా నాన్నా. ఆవిడా మంచిదే. కళ్ళు మూసుకుందామని నేనూ చూసేను, రెండు మూడుసార్లు ఎవరూ లేనప్పుడు. మూసుకోగానే పక్కన నువ్వు వచ్చి కూర్చున్నావేమో అని తెరిచేస్తున్నాను."